ఇనప్పెట్టె గదిలో అతిథి

మా వీధరుగు రాతిస్తంభాన్ని నాలుకతో నాకి చూసిన మనిషి నేనెరిగినంతలో ఒక్కరే. ఆయన పోయారని మొన్న పలాస స్టేషన్లో తెలిసింది.

కాశీబుగ్గ బజారులో జీడిపప్పు కొనుక్కుని పాసింజరు బండి కోసం బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న బోరు లారీ యజమాని నన్ను కాసేపు తేరిపార చూసి, "మీరు ఆ డబ్బా ఏలాడదీసిన ఇంటి బాబు కదేటి?" అని అడిగాడు. ముత్తాతగారి కాలంలో మమ్మల్ని మొఖాసాదార్లనేవారు. తాతగారి కాలంలో మేడింటివారన్నారు. నాన్నగారి కాలానికి కోర్టు వ్యాజ్యాలవారయ్యాం. ఇప్పుడు డబ్బా ఇంటివాళ్ళం. అవునన్నాను.

"రాళ్ళ మాస్టారు ఎలిపోనారు బాబూ. నౌపడలోనే. మజ్జినం బోంచేసి పడుకున్నారట, మరి నెగనేదు."

నౌపడలో బండి దిగి, ఆటో కోసం నిలబడి, ఉప్పుమళ్ళ వైపు చాలాసేపు చూశాను. వారిల్లు అక్కడికి దగ్గరే. అయినా వెళ్ళలేదు. ఆయన వస్తువొకటి మా ఇంట్లో ఉండగా వట్టి చేతులతో ఆ గుమ్మం ఎక్కడం మా పద్ధతి కాదు.

ఆయన ఎక్కడో కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి, రిటైరై, సొంతూరు చేరారు. పొట్టి మనిషి. కాళ్ళకు రబ్బరు చెప్పులు, నడుముకు చిన్న సుత్తి, వీపున తెల్లటి ప్లాస్టిక్కు గొట్టం. ఆ గొట్టంలో పటాలుండేవి. చూసినవాళ్ళు మాత్రం కొళాయిలు బాగుచేసే మనిషనుకునేవారు. దారిలో ఎవరో ఒకరు పిలిచి, మా కుళాయి కారుతోంది చూసి పెట్టమనేవారు. తను ఆ పనివాణ్ణి కాదని ఆయన చెప్పేవారు కారు. వెళ్ళి చూసి, వాషరు పోయిందని చెప్పి, పనిలో పనిగా వాళ్ళ గచ్చు ఏ రాయితో వేశారో, ఎక్కడెక్కడ బీటలిచ్చిందో కనుక్కుని వచ్చేవారు.

మా ఇంటికి వచ్చిన రోజు వాన అప్పుడే వెలిసింది. అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. ఈ మనిషి నమస్కారం పెట్టలేదు, ఎవరింట్లోకి వచ్చానన్న స్పృహ కూడా లేదు. నేరుగా స్తంభం దగ్గరికి వచ్చి, ఒకసారి చేత్తో నిమిరి, నాలుక తాకించారు. తాకించి, తడిసిన చోటును కళ్ళద్దాల పైనుంచీ, కిందనుంచీ చూసి, తృప్తిగా తల ఊపారు.

ఎవరు కావాలని అడిగాను. గట్టిగానే అడిగాను.

"ఈ రాయి ఇక్కడిదే దొరా. మీ ఇంటి కిందదే తీసి మీ ఇంటికే నిలబెట్టినారు," అన్నారాయన. తడిస్తే గాని రాయి తన రంగు చెప్పదని కూడా అన్నారు. నీళ్ళ చెంబు అడిగితే ఇచ్చేవాళ్ళం కదా అంటే, చెంబు వచ్చేలోగా రాయిని ముట్టుకునే ధైర్యం పోతుందట.

పిచ్చివాడనుకున్నాను. కాని మా ఇంట్లో అరుగెక్కిన మనిషికి ముందు కుర్చీ వేస్తాం, ఆ తర్వాతే పనేమిటని అడుగుతాం. ఆస్తులు పోయినా కుర్చీలు మిగిలాయి కనక అది ఇంకా నడుస్తోంది. ఆయన కూర్చున్నారు. కూర్చున్న మరుక్షణం, ఈ ఇంట్లో తలుపు మూసి ఉంచే గది ఏదైనా ఉందా అని అడిగారు.

ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగకూడనిది. మా తాతగారు కట్టించిన ఇనప్పెట్టె గది ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మూరెడు మందం రాతిగోడలు, ఒక్కటే తలుపు, కిటికీ అన్నది లేదు. పెట్టె ఎప్పుడో పోయింది. అయినా లోపల నిధి ఉందని గోడ పక్కన తవ్విపోయినవాళ్ళు మా చిన్నతనంలో ఉన్నారు. ఎందుకని బిగుసుకుని అడిగాను.

"అందులో గాలి కావాల," అన్నారు.

అప్పుడు వీపు మీది గొట్టం మూత తీసి, పటాన్ని అరుగు మీద పరిచి, నాలుగు మూలలా తన చెప్పులూ, సుత్తీ, నా కళ్ళజోడు డబ్బా బరువు పెట్టారు. పలాస నుంచి టెక్కలి దాకా, ఇటు ఉద్దానం తీరం దాకా మన నేలంతా అందులో ఉంది. ఊళ్ళూ రోడ్లూ సన్నగా, వాటి కింద నేల మాత్రం చిన్నపిల్లల రంగు పెన్సిళ్ళతో ఎర్రగా, పచ్చగా. పాత సర్కారు పటాల నుంచి రాళ్ళ హద్దులు ఎత్తుకున్నారట. బోర్లు వేసే లారీల వెంట తిరిగి, పైకొచ్చిన పొడిని గుప్పిట పట్టి, ఎంత లోతున మన్ను పోయి రాయి తగిలిందో రాసుకున్నారట. నీలిరాయి అనే గ్రానైటు తీసే క్వారీల్లో బండ ఏ దిక్కున పగిలిందో చూసుకున్నారట. అవన్నీ ఒకదాని మీద ఒకటి వేస్తే ఈ రంగులొచ్చాయి.

రాళ్ళలో యురేనియం అతి కొద్దిగా ఉంటుందని, గ్రానైటులో కొంచెం ఎక్కువని, అది యుగాలు పట్టి మారుతూ మారుతూ మధ్యలో ఒకచోట గాలి రూపం ఎత్తుతుందని ఆయన చెప్పారు. ఆ గాలి పేరు రేడాను. రంగు లేదు, వాసన లేదు. బండ పగుళ్ళలోంచి పైకొస్తుంది. ఆరుబయట కలిసిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. మూసిన గదిలోకి వస్తే అక్కడే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు చెరుపు.

"రాయి ఊరికే కూకోదు దొరా. నోపల ఏదో ఒకటి సేస్తనే ఉంటది," అనేది ఆయన మాట. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఇల్లిల్లూ తిరిగి కొలవడం ఎవరివల్లా కాదు. నేలను చూసి ఏ ఇంట్లో ఎంత ఉంటుందో ముందే చెప్పగలిగితే, ముందు ఆ ఇళ్ళకే వెళ్ళి కొలవొచ్చు, చెప్పొచ్చు. ఆయన పట్టిన పని అది. పటం నిజమో కాదో తేలాలంటే కొన్ని ఇళ్ళల్లో కొలిచి చూడాలి. పటంలో అన్నిటికన్నా ముదురు ఎరుపు మీద వేలు పెట్టి, మీ ఇల్లు ఇక్కడుంది అన్నారు. మన్ను జానెడు కూడా లేదు, కింద పగిలిన బండ, బండ మీద ఇల్లు, ఇంట్లో కిటికీలేని గది.

ఎందులోనైనా సరే, మా ఇల్లు ముందుంటుందని విని చాలాకాలమైంది. నా మొహంలో ఏం కనిపించిందో గాని, "సంతోషించీకండి దొరా. ఇది మంచి ఎరుపు కాదు," అన్నారు. తర్వాత తనే నవ్వారు. ఆయన బాప్టిస్టు చర్చి మనిషి. "మా పాదిరిగారు బండ మీద ఇల్లు కట్టినోడు తెలివైనోడు, ఇసక మీద కట్టినోడు బుద్ధినేనోడు అని సెప్తారు. గాలి లెక్కకొచ్చీసరికి అది తిరగబడిపోనాది. పాదిరిగారికింకా సెప్పనేదు."

గది చూపించడానికి లోపలికి తీసుకెళ్ళాను. నడవ దాటి లోగుమ్మం దగ్గర ఆయన ఆగిపోయారు. చెప్పులు అరుగు మీదే ఉన్నాయి కనక విప్పడానికేం లేదు, అయినా ఒకసారి కాళ్ళ వైపు చూసుకున్నారు.

"మా అయ్య నౌపడ నుంచి మీ ఇంటికి ఉప్పు తెచ్చీవోడు. ఇదిగో, ఈ గుమ్మానికి ఇవతలే దించీవోడు. నోపలేటుందయ్యా అని నానడిగితే, సీకటిరా అనీవోడు."

నా జవాబు కోసం ఆగకుండానే గుమ్మం దాటి, గది తలుపు నెట్టి, లోపల నిలబడి చుట్టూ చూశారు.

"సీకటే. మా అయ్య సెప్పింది నిజిమే," అన్నారు, హాయిగా.

కళ్ళు అలవాటు పడ్డాక మూలనున్న మంచం, దాని మీది పుస్తకాలూ కనిపించాయి. ఇక్కడెవరు పడుకుంటారని అడిగారు. మా అమ్మాయని చెప్పాను. మా ఇంటి ముందునుంచే నీలిరాయి లారీలు వెళ్తాయి. ఆ మోత వినపడని గది ఇదొక్కటే. ఇంటర్మీడియట్ నుంచీ అమ్మాయి చదువూ, పడకా ఇందులోనే. అప్పుడు టీచరు పరీక్షకు చదువుతోంది. లోపల గడియ పెట్టుకుంటే అన్నానికి పిలిచినా వినపడదు.

ఆయన మొహంలో నవ్వు పోవడం అదే మొదటిసారి చూశాను. కాసేపు ఆ మంచం వైపే చూసి, "బయపడీకండి. అలగని ఒగ్గీకండి," అన్నారు. ముందు కొలుద్దామన్నారు. చిన్న ప్లాస్టిక్కు డబ్బా, టీ గ్లాసంత ఉంటుంది, మూతికి గుడ్డ, లోపల ఫిల్ము ముక్క. గదిలోకి వచ్చిన గాలి ఆ ఫిల్ము మీద కంటికి కనపడని గాట్లు పెడుతుంది. తర్వాత దాన్ని మందులో నానబెట్టి భూతద్దం కింద చూస్తారు. దూలానికి దారం కట్టి, గది మధ్యన డబ్బా వేలాడదీశారు. మూడు నెలలు ఉండాలి, మీరు మాత్రం నేను రానట్టే, ఎప్పుడూ ఉన్నట్టే ఉండండి అన్నారు. మా ఆవిడ కాఫీ తెచ్చేసరికి అరుగు మీద మనిషి లేరు. పటం లేదు, చెప్పులు లేవు. వెళ్ళొస్తానన్న మాట లేదు. కాఫీ చల్లారిపోయింది.

అది ఆయన అలవాటని తర్వాత తెలిసింది. మాట మధ్యలో ఎక్కడో రాయి కనిపిస్తుంది, లేదా బోరు లారీ మోత వినిపిస్తుంది. అంతే, లేచి నడిచిపోతారు. ఆ రాత్రి నేను దాన్ని అమర్యాద కింద జమకట్టుకున్నాను. తర్వాత్తర్వాత ఆయన వచ్చినప్పుడు కాఫీ ముందే సిద్ధం చేయించేవాణ్ణి.

నేనూ ఆయనతో తిరగడం మొదలుపెట్టాను. పెద్దగా పనిలేనివాణ్ణి, పైగా మా ఇంట్లో డబ్బా ఉంది. ఒకసారి కంచిలి వైపు ఒక కొబ్బరితోట పల్లెకు వెళ్ళాం. ఉద్దానం సంగతి తెలిసిందే. కిడ్నీల జబ్బు పేరు చెప్పి ఎన్ని బృందాలు వచ్చాయో, ఎన్ని సీసాలు నింపుకుపోయాయో ఆ పల్లెలవాళ్ళకే తెలుసు. మేం వాకిట్లో అడుగుపెట్టగానే ఒక ముసలామె, పీట మీద నుంచి లేవకుండానే, చెయ్యి చాపి మోచేతి దగ్గర చీర కొంగు పైకి తీసింది.

"రగతమా, నీల్లా?"

"రగతమూ వొద్దు, నీల్లూ వొద్దమ్మా. గాలి."

"అదొక్కటే మిగిలిపోనాది. అదీ పట్టుకెల్లు," అంది.

ఆయన ఆమె పక్కనే ఇసకలో కూలబడ్డారు. ఈ గాలివల్లే మా జబ్బా అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు అవునన్నట్టు తల ఊపితే ఆ రోజు ఊరంతా ఆయన చుట్టూ చేరి ఉండేది. ఆయన ఊపలేదు. దానికీ దీనికీ నేను ముడిపెట్టనమ్మా, అది నాకు తెలీదు, ఇది ఊపిరితిత్తుల సంగతి అని చెప్పారు. మీ కింద ఇసక, రాయి ఎక్కడో లోతున ఉంది, ఇంటి నిండా గాలి ఆడుతోంది, నా పటం ప్రకారం మీ ఇంట్లో ఇది తక్కువే ఉండాలి, అది నిజమో కాదో చూసుకుందామని వచ్చానన్నారు.

"తక్కువున్నదాన్ని సూడ్డానికి ఇంత దూరం వొచ్చినావా బాబూ?"

"తక్కువని సెప్పీవోడు ఒక్కడైనా రావాల కదమ్మా."

ఆమె అప్పుడు లేచింది. కొబ్బరి బొండాలు కొట్టించి తెస్తానని లోపలికి వెళ్ళింది. తెచ్చేసరికి ఆయన లేరు. తోట చివర ఎవరో బావి తవ్వుతుంటే అక్కడ గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి చూస్తున్నారు. రెండు బొండాలూ నేనే తాగాను. "మనిసి మంచోడే గాని సెప్పి ఎల్లడం తెల్దు," అందామె. నాకు తోడొకరు దొరికినందుకు సంతోషించాను. తర్వాత ఆమె ఇంట్లో కట్టిన డబ్బా తక్కువనే చెప్పింది. ఆ కబురు ఆమెకు చెప్పడానికి ఆయన పనిగట్టుకుని మళ్ళీ వెళ్ళారు.

గడువు తీరాక మా ఇంటి డబ్బా విప్పుకుని వెళ్ళారు. కొన్నాళ్ళకు వచ్చి, అరుగు మీద కూర్చుని, కాఫీ పూర్తిగా తాగారు. అదే నాకు అనుమానం కలిగించింది. మా ఊళ్ళోనే, మా బండ మీదే ఉన్న మిగతా ఇళ్ళు పటం చెప్పినట్టే చెప్పాయట. అన్నిటికన్నా ఎక్కువ ఉండాల్సిన మా గది మాత్రం కొబ్బరితోట ముసలామె ఇంటికన్నా కాస్తే ఎక్కువ చూపించిందట.

అమ్మాయి లోపలినుంచి వింటోంది. హమ్మయ్య అంటూ నవ్వింది. నాకూ గుండె తేలికపడింది. ఆ వెంటనే, నిజం చెప్పాలంటే, కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

ఆయన మాత్రం నవ్వలేదు. పటం విప్పి, మా ఎరుపు మీద వేలు పెట్టి, అటూ ఇటూ జరిపి చూశారు. వెళ్ళి స్తంభాన్ని మళ్ళీ నాలుకతో చూశారు. అది మారలేదు. మీ గది బాగుందని డబ్బా చెప్తోంది, మీ గది బాగుండటానికి వీల్లేదని రాయి చెప్తోంది, ఈ ఇద్దరిలో నాకు రాయే పాత స్నేహితుడన్నారు. డబ్బా మాట నమ్మి లేచిపోతే ఆ అమ్మాయి ఇంకో పదేళ్ళు అందులోనే పడుకుంటుంది. అదీ ఆయన బెంగ. ఆ మాట పైకి కూడా అన్నారు.

గది కడిగారా అని అడిగారు. ఫ్యాను పెట్టారా అని అడిగారు. సున్నం వేశారా అని అడిగారు. లేదు, లేదు, లేదు. చివరికి, ఏదో పోయిందనుకుని వెతికేవాడిలా, "తలుపు మూస్తన్నారు కదా?" అన్నారు.

ఆ ప్రశ్నకు నాకు నిజంగా కోపం వచ్చింది.

"మీ వస్తువు లోపల ఉండగా తలుపెలా మూస్తాం మాస్టారూ?"

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. అతిథి సామాను ఉన్న గదికి, ఆయన సెలవు తీసుకుని వెళ్ళేదాకా, పగలూ రాత్రీ తలుపు వేయం. వేస్తే, మిమ్మల్ని అనుమానిస్తున్నామనైనా అర్థం, ఇక బయలుదేరమనైనా అర్థం. ముత్తాతగారి నాడు ఇంట్లో ఎప్పుడూ నలుగురు దిగి ఉండేవారు కనక ఏ గదికీ తలుపు పడేది కాదట. అతిథులు రావడం మానేసి ఏళ్ళయింది. చాలాకాలానికి మా ఇంట్లో దిగిన సామాను ఆ డబ్బా ఒక్కటే. అమ్మాయి లారీల మోతకు చెవుల్లో దూది పెట్టుకుంది, మా ఆవిడ పిల్లి దూరుతోందని గొణిగింది, నేను మాత్రం తలుపు వేయనివ్వలేదు.

ఆయన నావంక కాసేపు చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. స్తంభానికి ఆనుకుని, కళ్ళజోడు తీసి, పైపంచెతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. తను అన్ని రకాల తప్పులూ లెక్కలో వేసుకున్నారట. డబ్బా తడవడం, పిల్లలు ఆడుకోవడం, దేవుడి గదిలో పెట్టి పసుపు రాయడం. మర్యాద ఒక్కటే వేసుకోలేదట.

"దొరా, ఇంకో డబ్బా కడతాను. ఈసారి మూడు నెల్లు నన్ను అవమానించండి."

అవమానించడానికి ఒప్పుకున్నాను గాని, అది తేలిక కాలేదు. అమ్మాయిని ఆ మూడు నెలలూ హాల్లో పడుకోబెట్టమన్న షరతు ఆయనే పెట్టారు. తలుపు మూసే పని నేను చేయలేక మా ఆవిడకు అప్పగించాను. ఆయన అప్పుడప్పుడు వచ్చి, మూసిన తలుపును దూరం నుంచే చూసి, బాగా అవమానిస్తున్నారని మెచ్చుకుని వెళ్ళేవారు. చెప్పకుండానే వెళ్ళేవారు.

రెండో డబ్బా పటం చెప్పిన చోటే నిలబడింది. ముదురు ఎరుపు. పటం నిజమే అయింది, ఆయన శ్రమ ఫలించింది. ఆ రోజు ఆయన అది చెప్పింది మాత్రం చావు కబురు చెప్పినంత నెమ్మదిగా. నేను ఖాళీగా ఉన్న అమ్మాయి మంచం వైపు చూశాను. ఇన్నేళ్ళూ లోపల గడియ పెట్టుకున్న పిల్ల గుర్తొచ్చింది. డాక్టరుకు చూపించి రమ్మన్నారు. చూపించాం. ఏమీ లేదన్నారు. ఇకముందు కూడా ఏమీ ఉండకూడదు కదా, అన్నారు మాస్టారు.

వెనకగోడకు చిన్న కన్నం కొట్టి ఊచలు బిగిస్తే అన్నిటికన్నా మంచిదన్నారు. ఆ గోడ నేను కొట్టనన్నాను. దాయాదుల పంపకాల్లో ఈ ఇంటి గోడలన్నీ ఎక్కడో ఒకచోట తెగాయి, అతుకులు పడ్డాయి. హాలు మధ్యనుంచే ఇటుకల అడ్డగోడ లేచింది. తాతగారు కట్టినది కట్టినట్టు మిగిలిన గోడ అదొక్కటే. ఇదంతా ఆయనతో చెప్పలేదు. కొట్టనని మాత్రమే అన్నాను. ఆయన వాదించలేదు. గోడ వైపు చూసి, నా వైపు చూసి, ఏదో రాయి వయసు కట్టినట్టు తల ఊపారు.

"గోడ వొద్దు. తలుపు సాలు. మీ మర్యాద డబ్బా సెప్పింది కదా."

అయితే తలుపు తెరిచే ఉంచుతామన్నాను.

"ఉంచరు దొరా. నెల్లాళ్ళు ఉంచుతారు. ఆనక లారీల దుమ్ము, పిల్లి, పరీచ్చలు. మూసీస్తారు. గాలికి బయపడి తలుపు తీసుంచినోల్లని నాను సూడనేదు. కనపడందానికి ఎవులు బయపడతారు?"

అలా అని, సంచిలోంచి మరో డబ్బా తీశారు. మంచమెక్కి దూలానికి కట్టారు. దిగి, చేతులు దులుపుకున్నారు.

"ఇందులో ఫిల్ము నేదు. ఇది కొలవడానికి కాదు. నాను మీ ఇంట దిగినాననుకోండి. ఎప్పుడెల్తానో నాకే తెల్దు."

ఉప్పు బస్తా దించిన మనిషి కొడుకు, మా తాతగారి ఇనప్పెట్టె గదిలో, నడుముకు సుత్తితో నిలబడి ఆ మాటన్నారు. నేను చెయ్యగలిగింది ఒక్కటే ఉంది. ఉండండి మాస్టారూ, మీ ఇల్లే అనుకోండి, అన్నాను. అంతలో రోడ్డు మీద బోరు లారీ వెళ్ళిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి ఆయన లేరు.

ఆ తర్వాత ఆ తలుపు పడలేదు. అమ్మాయి చెవుల్లో దూదితోనే చదివింది, టీచరైంది. ఇప్పుడు హరిశ్చంద్రపురం వైపు ఒక బళ్ళో పని. పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వస్తుంది, ఆ గదిలోనే పడుకుంటుంది. మాస్టారు ఎప్పుడొచ్చినా అరుగు మీదే కూర్చుని, "నాను బాగున్నానా?" అని లోపలికి కేకేసేవారు. బాగున్నారు మాస్టారూ, రాత్రి కాస్త ఊగారు, అని అమ్మాయి బదులు చెప్పేది.

పలాస నుంచి వచ్చిన మర్నాడు నేను మంచమెక్కి డబ్బా విప్పాను. అతిథి పోతే ఆయన సామాను ఇంటివాళ్ళకు చేర్చాలి. అది కూడా మా ఆచారమే. గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నాను. గదిలోంచి ఇవతలికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే వెనక కిర్రుమన్న చప్పుడైంది. మా ఆవిడ తలుపు దగ్గరికి లాగేసింది. కావాలని కాదు. చేతిలో చీపురుంది, రోడ్డు మీంచి దుమ్ము వస్తోంది, గదిలో ఎవరి సామానూ లేదు. నేను చూస్తుంటే తనకే తెలిసింది. చప్పున తెరిచింది. మాస్టారన్న నెల్లాళ్ళు కూడా పట్టలేదు.

నౌపడలో వారింటి వాకిట్లో ఉప్పుగాలి తిరుగుతోంది. గోడవారగా రాళ్ళు, ప్రతిదాని మీదా ఏ ఊరిదో చిన్న చీటీ. మాస్టారి భార్య నాకు కుర్చీ వేశారు. ఆమె కూడా రిటైరైన టీచరు, సన్నగా, నెమ్మదిగా ఉన్నారు. చర్చి పక్క స్మశానంలోనే పెట్టారట. నీలిరాయి పలక వేయిస్తామని చర్చివాళ్ళన్నారని, ఇసకలో హాయిగా పడుకున్న మనిషి మీద మళ్ళీ గ్రానైటెందుకని తనే వద్దన్నానని చెప్పి, చిన్నగా నవ్వారు.

సంచిలోంచి డబ్బా తీసి ఆమె చేతికిచ్చాను. ఇది మాస్టారిది, మా ఇంట్లో ఉండిపోయింది, అప్పగించి వెళ్దామని వచ్చానన్నాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూశారు. దాని సంగతి ఆమెకు తెలుసు. మీ అమ్మాయి ఎలాగుందని అడిగారు. బాగుందని, ఆ గదిలోనే ఉంటోందని చెప్పాను.

"మీ ఇంటి నుంచి వొచ్చినప్పుడు మీతోటి సెప్పి వొచ్చినారా?" అన్నారు.

"లేదమ్మా. ఏనాడూ చెప్పి వెళ్ళలేదు."

"ఇక్కన్నుంచీ సెప్పకుండానే ఎలిపోనారు," అని ఆమె ఉప్పుమళ్ళ వైపు చూశారు. కాసేపటికి డబ్బాను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టారు.

"సెలవు తీసుకోనేదంటే ఆడే ఉన్నారన్నమాటే కదండీ. పట్టుకెల్లి కట్టీండి."

సాయంత్రం అమ్మాయి బడి నుంచి వచ్చేసరికి డబ్బా దూలానికి ఉంది. చూసింది. పుస్తకాల సంచి మంచం మీద పెట్టి, చెవుల్లోకి దూది తీసుకుంది.

"బాగున్నారా మాస్టారూ?" అంది.

రోడ్డు మీద లారీ వెళ్ళింది. తెరిచిన తలుపులోంచి గాలి వచ్చి డబ్బా కొద్దిగా ఊగింది.